మండ దాటినోడు

దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు గుంజుకోండి, గోడకు ఆనుకొని మంచిగ కూసోండి. చిన్నపిల్లకు నిద్రొస్తే నా ఒళ్ళో పడుకోబెట్టండి. పొయ్యి మీద పప్పు ఉడకాలంటే ఇంకా సేపుంది, ఆ లోపల ఒకడి సంగతి చెప్త. వాడి పేరు మాత్రం చెప్పను. పేరు పెట్టి పిలిస్తే వాడికి మర్యాద చేసినట్టు అయితది.

మొన్న మా మనవరాలు వచ్చి "అమ్మమ్మా, నీకు అడివి చూపిస్త దా" అన్నది. అడివిల పుట్టినదాన్ని, నాకు అడివి చూపిస్తదంట. సరే అని పోయిన. మా పాత గూడెం అవతల, వాగు పొంటి కొత్తగ బాట వేసిన్రు. రెండు దిక్కుల కట్టె కంచె, రంగులేసిన రాళ్ళు, కూసునేటందుకు బెంచీలు. మొదట్ల ఒక బోర్డు. నా చదువు అంతంత మాత్రం, మనవరాలే చదివి చెప్పింది. ఇది సులువైన బాటంట, పిల్లాజెల్లతోటి నడవొచ్చంట, అడివి తెల్వని కొత్తోళ్ళు గూడ నడవొచ్చంట.

నడిచినం. వాగు ఒంపు తిరిగి బాట రెండుగ చీలే కాడికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. బెంచీ మీద కూలబడి నవ్విన. మనవరాలు భయపడి నీళ్ళ సీసా మూత తీసింది.

"ఏమైందే అమ్మమ్మా?"

"ఏం గాలేదు బిడ్డా. ఈ బాట అందరికీ సులువే. ఒక్కడికే కష్టమైంది."

గది చెప్పేటందుకే మిమ్ముల కూసోబెట్టిన.

నేను చిన్నపిల్లనప్పుడు ఆ గూడెం అంతా గడ్డి ఇండ్లే. ఇప్ప పువ్వు రాలే కాలంల పొద్దున లేస్తే ఊరంతా బెల్లం పాకం కాగుతున్నట్టు వాసన. ఎండ ఎక్కేకొద్దీ ఆ వాసనకు తల తిరిగేది. కోళ్ళు గూడ పువ్వు తిని తూలుకుంట నడిచేవి, మేము వాటి వెనక నడిచి వాటి లెక్కనే తూలేది, మా అమ్మ చీపురు ఇసిరేది.

ఒక్కో ఇంటికి ఇన్ని చెట్లని తాతల నాడే అనుకున్నరు. రాతకోతలు ఏం లేవు. ఫలాన చెట్టు ఫలానోళ్ళది అంటే అంతే. పువ్వు రాలక ముందే ఎవరి చెట్టు కింద వాళ్ళు ఆకు ఊడ్చి, నిప్పు అంటువెట్టి, నేల నున్నగ చేసుకునేది. తెల్లారంగ పోతే ఆ నల్లటి నేల మీద పువ్వులు తెల్లగ, ముత్యాలు పోసినట్టు ఉండేవి. మా చెట్టు వాగు ఒంపు కాడ ఉండేది. దాని పక్కన పెద్ద బండ. ఆ బండ మీద ఆరబోస్తే పువ్వు ఎండి కిస్మిస్ లెక్కయ్యేది.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నన్ను వెంటవెట్టుకొని పోయేది. ఆమె నడుము వంగింది గని నోరు వంగలేదు. "ఏరు పిల్లా, ఏరు. ఇయ్యాల నువ్వు నోట్ల వేసుకున్నది వానకాలంల నీ కడుపుల నుంచి తీసుకుంట" అనేది. ఎండిన పువ్వంటే మాకు వానకాలం తిండి. జొన్నలు అయిపోయి, వాగు పొంగి, బయటికి పోయే తొవ్వ లేనప్పుడు, ఆ పువ్వును చింతగింజలతోటి ఉడకబెట్టి తినేది. ఆ పువ్వు లేకుంటే మాకు వానకాలం లేదు, ఆకలే.

ఇగ మండ సంగతి చెప్పాలె. మండ అంటే ఆకులున్న కొమ్మ. అడివిల కట్టెలు గాని, పువ్వు గాని కుప్పవెట్టి యాడికన్న పోవాల్సి వస్తే, దాని మీద పచ్చి మండ ఒకటి పెట్టి పోయేది. మండ ఉన్నదంటే ఆ కుప్పకు మనిషి ఉన్నడని. ఇగ దాన్ని ఎవరూ ముట్టరు. ఆకలితోటి ఉన్నోడు గూడ సుట్టు తిరిగి పోతడు. బాట చీలే కాడ గూడ గట్లనే, ఒక బాటకు అడ్డం మండ పడేసి ఉంటే అటు రావద్దని. పెట్టినోళ్ళే దాన్ని తియ్యాలె. అది మా పద్ధతి. ఎవరూ నేర్పలేదు, నడక వచ్చినప్పుడే అది గూడ వచ్చింది.

ఆ ఏడు మా అమ్మ నిండు చూలాలు. నేను, అవ్వ బండ మీద పువ్వు కుప్ప చేస్తున్నం. కుప్ప నా రొమ్ము దాక వచ్చింది. అప్పుడే మా నాయన ఉరికొచ్చిండు, అమ్మకు నొప్పులొస్తున్నయని. అవ్వ ఒక్క నిమిషం గూడ ఆగలేదు. కుప్ప మీద మోదుగ ఆకులు కప్పి, వేప మండ విరిచి పైన పెట్టి, నా రెక్క పట్టుకొని ఇంటికి గుంజుకపోయింది. తమ్ముడు పుట్టిండు. ఆ సందడంతా అయినంక బండ కాడికి పోయినం.

బండ ఊడ్చినట్టున్నది.

పువ్వు లేదు. ఆకులు లేవు. మా మండ బండ కింద పడి ఎండి ఉన్నది, ఎవరో కాలితోటి తన్నినట్టు. ఇసుకల బండి చక్రాల గుర్తు, నున్నగ, పాము పాకినట్టు. మావన్నీ కట్టె చక్రాలు. టైర్ల బండి ఆ చుట్టుపక్కల ఒక్కడికే ఉండేది. రోడ్డు మీద కొట్టు పెట్టినోడికి. కోస్తా దిక్కు నుంచి వచ్చి ఉప్పు, గ్యాసునూనె, పొగాకు అమ్మేటోడు. మా దగ్గర పువ్వు, చింతపండు, బంక కొనేటోడు.

నేను ఏడ్చిన. "ఎలుగు తిన్నదేమో అవ్వా" అన్న.

"ఎలుగు తింటే కడుపుకు తింటది. కుప్ప ఎత్తుకపోయి అమ్ముకోదు" అన్నది అవ్వ. ఎండిన మండను తీసి కొంగుల కట్టుకున్నది.

సక్కగ కొట్టు కాడికి పోయింది, నేను వెనక. వాడు బల్ల మీద కూసొని పల్లీలు వలుస్తున్నడు. అవ్వ మండను వాడి ముందల పెట్టింది.

"అయ్యా, ఇది నా మండ. నా కుప్ప మీద పెట్టిన."

వాడు పల్లీ నోట్ల వేసుకొని నవ్విండు. "మండేంటే ముసల్దానా, తాళమా? ఆకు రెమ్మ పెడితే బీరువాకి బీగం వేసినట్టేనా? అడివేమన్నా మీ తాత కొన్నాడా?"

"తీసుకపోయినవా లేదా, అది చెప్పు."

"నేనెందుకు తీసుకెళ్తాను? ఏ కోతులో తినేసుంటాయి. ఉప్పేమన్నా కావాలా, లేకపోతే దారి వదులు."

గూడెం పెద్దమనిషిని అడిగితే, ఆయన తల గోక్కున్నడు. "ఉప్పుకు మళ్ళ వాడి కాడికే పోవాలె గద వదినె. ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడ్త. వాడు వాడి నోటితోటి మండ దాటిన అన్న నాడు ఇడిసిపెడ్త" అన్నది అవ్వ.

ఆ మాట అన్నప్పుడు మా అవ్వ గొంతు లేవలేదు. నాకు అందుకే భయమైంది. భయంతోపాటు సంబురం గూడ అయింది. ఇప్పుడు గూడ ఆ సంబురం నా కడుపుల ఉన్నది.

భద్రాచలంల రాములోరి కల్యాణం అయింది. కొట్టాయన అత్తగారు, బావమరిది, ఆయన భార్య, వాళ్ళ పిల్లలు కల్యాణం చూసేటందుకు వచ్చి వీళ్ళింట్ల దిగిన్రు. వాళ్ళు అడివి చూడాలన్నరంట. కొట్టాయన భార్య మా గూడేనికి వచ్చింది. ఆమె మంచి మనిషి, ఉప్పు కొలిస్తే తలకొట్టి కొలిచేది గాదు.

"మామ్మా, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పిల్లలేమో చిన్నవాళ్ళు. ముళ్ళూ రాళ్ళూ లేని దారి ఏదన్నా ఉంటే కాస్త చూపిస్తావా?"

అవ్వ ఆమెను చూసింది. ఆమె వెనక, రోడ్డు దిక్కు చూసింది. "నీ మొగడు వస్తడా?"

"వస్తారు మామ్మా. ఆయన లేకపోతే అన్నం క్యారేజీలు ఎవరు మోస్తారు?"

"అయితే రేపు రమ్మను. పసిపిల్లలు గూడ నడిచే బాట ఉన్నది" అన్నది అవ్వ.

ఆమె పోయినంక అవ్వ నన్ను పిలిచింది. "కొడవలి తే. రెండు వెదురు దబ్బలు తే. ఒళ్ళంత తడిబట్ట సుట్టుకో."

మీకు దూలగొండి తెల్సు గద. పొదల మీద పాకే తీగ. ఎండాకాలంల కాయలు ఎండి, వాటి మీద బంగారు రంగు నూగు, పట్టు బట్ట లెక్క మెరుస్తది. చూస్తే ముద్దొస్తది. ముట్టుకుంటే దురదకు మనిషి మనిషి గాదు. మా ఒంపు కాడ చీలిన రెండో బాట కొసన అది గుట్టలు గుట్టలుగ ఉండేది. దబ్బలతోటి పట్టి, గాలి ఎటు కొడుతదో చూసుకొని, కాయలు తెంపి ఒక కుప్ప చేసినం. మీద మోదుగ ఆకులు కప్పినం. వాసన రావాలని అవ్వ మా ఇంట్ల మిగిలిన దోసెడు ఇప్ప పువ్వు తెచ్చి ఆకుల మీద సల్లింది. ఆ దోసెడు సల్లేటప్పుడు నా ప్రాణం గుంజింది. కుప్ప మీద వేప మండ పెట్టింది. బాట చీలే కాడ ఇంకో మండ అడ్డం వేసింది.

"అవ్వా, మండ చూసి వాడు అటు రాడు గద" అన్న.

"మనం అయితే రాము" అన్నది అవ్వ.

తెల్లారి అందరు వచ్చిన్రు. బావమరిది కొత్త చెప్పులు, అత్తగారు జరీ చీర, పిల్లలకు నెత్తి మీద టోపీలు. కొట్టాయన భుజాన క్యారేజీలు, సంకల మడతవెట్టిన ఖాళీ గోనె. గోనె ఎందుకని ఎవరూ అడగలేదు. నేను చూసిన, అవ్వ చూసింది.

ఇసుక బాట, పైన వెదురు నీడ. మోదుగ పూలు రాలి బాటంత కుంకుమ లెక్కున్నది. అవ్వ అంత ముద్దుగ మాట్లాడుడు నేను ఎన్నడూ ఇనలేదు. అత్తగారి చెయ్యి పట్టుకొని రాళ్ళు దాటించింది. పిల్లలకు తునికి పండ్లు కోసిచ్చింది. ఎర్రచీమల గూడు చూపిచ్చి, "వీటిని రోట్లేసి పచ్చడి నూరుకుంటం, తింటవా బాబూ" అంటే ఆ పిల్లగాడు వాళ్ళమ్మ కొంగుల దూరిండు. నన్ను పక్కకు పిలిచి చెవుల చెప్పింది. "వీళ్ళు నన్ను నమ్మి నా వెంట వచ్చిన్రు. ఆడోళ్ళకు, పిల్లలకు ముల్లు గుచ్చొద్దు. నువ్వు ముందల నడిచి ఏరేయి."

ఏరేసిన. వాళ్ళ కాళ్ళ కింద నుంచి ముల్లు ఏరుకుంట, వెనక వచ్చేటోడి కోసం ఎదురుచూసుకుంట నడిచిన.

ఒంపు కాడికి వచ్చినం. అవ్వ ఆగింది. అందరికీ ఇనపడేటట్టు గట్టిగ చెప్పింది. "అగో, ఆ బాటకు మండ అడ్డం ఉన్నది. మండ ఉన్న దిక్కు పోవద్దు. మా దగ్గర చంటిపిల్లలు గూడ దాటరు."

"ఏముంటుంది మామ్మా అటు?" అన్నడు బావమరిది.

"పెట్టినోళ్ళది ఏదో ఉంటది. మనకెందుకు?"

నేను కొట్టాయన మొఖం చూసిన. వాడి కండ్లు మండ మీద పడి, అక్కడి నుంచి బాట లోపలికి పోయినయి. వాసన గూడ తగిలినట్టున్నది, ముక్కుపుటాలు కదిలినయి.

వాగు ఒడ్డున నీడల కూసున్నం. అత్తగారు మోదుగ విస్తర్లల పులిహోర పెట్టింది. నాకు కల్యాణం తలంబ్రాలు నాలుగు గింజలు నెత్తిన వేసింది. నేను పులిహోర నములుతున్న గని రుచి తెలుస్తలేదు. కొట్టాయన క్యారేజీ దించి, గోనె తీసుకొని, "ఇప్పుడే వస్తాను" అని ఒంపు దిక్కు పోయిండు. అవ్వ తల ఎత్తలేదు. పిలవలేదు. పులిహోరల మిరపకాయ తీసి పక్కకు పెట్టింది.

ఇంకో ముద్ద తిన్నమో లేదో, అరుపు ఇనబడ్డది.

వాడు ఉరికొచ్చిండు. రెండు చేతులు, మెడ, మొఖం. గోకుతున్నడు, అంగీ చింపుకుంటున్నడు, ఎగురుతున్నడు. పిల్లలు ఆట అనుకొని చప్పట్లు కొట్టిన్రు. వాడు వాగుల దుంకిండు. నీళ్ళు తగిలినకొద్దీ దురద ఇంకా లేచింది.

"ఏమైందండీ, ఏం కుట్టింది?" అని వాడి భార్య ఏడుస్తున్నది.

అవ్వ తాపీగ చెయ్యి కడుక్కున్నది. "దూలగొండి అమ్మా. పానం పోదు గని పానం తీస్తది. ఈ బాటల యాడ లేదే. అయ్యా, యాడ తాకింది?"

"అటు... పక్కన ఎక్కడో" అన్నడు వాడు గోక్కుంట.

"పక్కన అంటే యాడ? తాకిన తావు చెప్తేనే మందు పనిచేస్తది."

గది అబద్ధం. మందుకు తావుతోటి పని లేదు. మా అవ్వ జన్మల ఆడిన మంచి అబద్ధం గదే.

అత్తగారు లేచి నిలబడ్డది. "అల్లుడుగారూ, చెప్పండి. ఎక్కడికెళ్ళారు?"

వాడు దవడ బిగబట్టిండు. మెడ నెత్తురు కారేటట్టు గీరుకున్నడు. అవ్వ బండ మీద కూసొని చూసింది. నేను గూడ చూసిన. నా జీవితంల అంత తీరుబడిగ ఏదీ చూడలేదు.

"మండ అవతలికెళ్ళాను" అన్నడు ఆఖరికి.

"నేను వద్దన్న గద. ఎందుకు పోయినవు?"

"కుప్ప ఉంటుందని."

"ఇదే మొదటిసారా?"

వాడు భార్య దిక్కు చూసిండు. బావమరిది దిక్కు చూసిండు. మళ్ళ దురద లేచింది, మోకాళ్ళ మీద పడ్డడు. "కాదు. బండ మీద పువ్వు నేనే ఎత్తుకెళ్ళాను. మండ తీసి పారేశాను. నేనే. ఇంక మందు పెట్టవే తల్లీ."

"ఇనబడ్డదా పిల్లా?" అని అవ్వ నన్ను అడిగింది.

"అవ్, ఇనబడ్డది" అన్న.

అప్పుడు చెప్పింది మందు. పేడ. పశువులు నీళ్ళు తాగే రేవుల కావల్సినంత ఉన్నది. పులిహోర తిన్న విస్తర్లల బావమరిదే ఎత్తుకొచ్చిండు, కొత్త చెప్పులతోటి. అవ్వ తన చేతితోటి వాడి మొఖం నుంచి మోచేతుల దాక పూసింది, గోడకు అలికినట్టు. ఎండినంక రాలగొడితే నూగు దానితోటే ఊడొస్తది. అది ఎండేదాక వాడు ఎండల నిలబడాలె. అత్తగారు క్యారేజీ మూతలు పెట్టుకుంట వాడి దిక్కు ఒక్కసారి గూడ చూడలేదు.

అంతటితోటి అయిపోలేదు. వాడు ఒప్పుకున్నడు గని మా పువ్వు తిరిగి రాలేదు, అది ఎన్నడో ఎవరి సారా బట్టీలనో కాగింది. చెట్టు గూడ రాలుడు ఆగింది. అమ్మకు పాలు తగ్గినయి. తమ్ముడు ఏడుస్తుంటే అవ్వ వాడి ఏడుపు ఇనకుంట చేట చెరుగుకుంట కూసునేది.

ఒకనాడు పొద్దున గూడెం మొదట్ల ఒక బియ్యం మూట ఉన్నది. దాని మీద వేప మండ. కొట్టాయన భార్య పెట్టించింది. ఇది మీదే అని చెప్పేటందుకు ఆమె మండ పెట్టింది పాపం. మాకేమో మండ అంటే ముట్టొద్దని. గూడెం గూడెమంత ఆ మూట సుట్టు తిరిగి నడిచింది. మేకలను గూడ అదిలించిన్రు. ఆకలి కడుపులతోటి బియ్యం మూటకు కావలి ఉన్నం.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. అమ్మ పిల్లగాన్ని ఎత్తుకొని గడపల నిలబడ్డది. "అత్తమ్మా, వాన పడితే బియ్యం తడుస్తయి. అది మన కోసం పెట్టిందే అని నీకు గూడ తెల్సు."

"తెల్సు."

"మరి తీసుకుందం."

"మండ పెట్టినోళ్ళు తియ్యాలె. ఆ ఇంటి పెద్ద వాడు. వాడు రావాలె" అన్నది అవ్వ. అమ్మ కండ్లు తుడుచుకున్నది. మా నాయన కొట్టుకు ఉరికిండు.

వాడు వచ్చిండు. ఆ ఉక్కల నిండు చేతుల అంగీ, గుండీలన్నీ పెట్టుకొని. గూడెమంత ఇండ్ల ముందల నిలబడ్డది. వాడు వంగి మండను రెండు వేళ్ళతోటి ఎత్తిండు, ముందల కింద ఏమున్నదో చూసుకున్నంక. "తీసుకోండి" అన్నడు. మా నాయన మూట ఎత్తుకున్నడు. చినుకు మొదలైంది.

మండ మాత్రం వాడి చేతులనే ఉండిపోయింది. దాన్ని యాడ వెయ్యాలో వాడికి తెల్వలేదు. బాటల వేద్దామని వంగిండు, మా మొఖాలు చూసి మళ్ళ లేచిండు. అవ్వ చెప్పలేదు. ఇగ దాన్ని పట్టుకొనే మళ్ళిండు. వానల తడుసుకుంట, వేప మండ ముందలికి పట్టుకొని, పారేసేటందుకు భయపడుకుంట రోడ్డు దాక పోయిండు. కనుమరుగయ్యేదాక నేను చూసిన. అన్నం ఉడికిందని అమ్మ పిలిచినా కదల్లేదు.

తర్వాత ఏండ్లకేండ్లు వాడి బండి పోతుంటే మేము పిల్లలం బాట పొంటి వరుసగ నిలబడి చేతులు గోక్కునేది. వాడు ఎద్దులను అదిలించి జల్దీ పోయేటోడు. వాడు పోయిండని కబురు వచ్చిన నాడు గూడ, నలుగురు అయ్యో అంటుంటే, నేను లోపలికి పోయి మోచెయ్యి గోక్కున్న. పాపం అనిపియ్యలేదు. ఇప్పుడు గూడ అనిపిస్తలేదు. మా తమ్ముడు పాల కోసం ఏడ్చిన ఏడుపు నా చెవుల ఉన్నంతకాలం అనిపియ్యది.

గందుకే మొన్న ఆ బెంచీ కాడ నవ్విన. నవ్వు ఆగినంక చూస్తే, కంచె విరిగిన కాడ రెండో బాట ఇంకా ఉన్నది. లోపల పొదల మీద బంగారు నూగు మెరుస్తున్నది. లేచి ఒక వేప మండ విరిచి అడ్డం వేసిన. టోపీ పెట్టుకున్న ఒకాయన ఫోనుల మాట్లాడుకుంట దాన్ని దాటిండు. నేను పిలవలేదు. మనవరాలు ఆయన వెనకనే పొయ్యేటిది, మండ కాడికి వచ్చి కాలు ఎత్తి, ఎత్తిన కాలు ఎనక్కి పెట్టింది. నేను ఏం చెప్పలేదు దానికి, అప్పటికి ఈ కథ గూడ చెప్పలేదు. నా మొఖం చూసి ఆగింది.

ఇగ లేవండి, పప్పు ఉడికింది. మీ ఇంటి కుప్ప మీద ఎవరి చెయ్యి పడకుండ ఉండాలె. మీ పొయ్యి వానకాలంల గూడ ఆరకుండ ఉండాలె. మీ పిల్లలు మండ కనబడ్డ కాడ ఆగే పిల్లలు కావాలె. ఆగనోడు ఎవడన్న మీ గడపకు వస్తే, వాడి తొవ్వల దూలగొండి మస్తుగ కాయాలె.